నిప్పుకి కరగని పసుపు దారం

మీ ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే ఒకసారి రూటర్ వెనక్కి చూడండి. గోడ మీది డబ్బా నుంచి రూటర్‌లోకి ఒక సన్నని కేబుల్ వస్తుంటుంది. కోయమని చెప్పట్లేదు గానీ, కోస్తే లోపల వెంట్రుకంత గాజు పోగు, దాని చుట్టూ కుచ్చులాగా పసుపు దారాలు కనిపిస్తాయి. డేటా మోసేది గాజు. ఎవరైనా కేబుల్‌ని గుంజితే ఆ గాజు పుటుక్కుమనకుండా బరువంతా తన మీద వేసుకునేది పసుపు దారం. మీరు చూసే రీల్స్ అన్నీ దాని కాపలాలోనే మీ ఫోన్‌కి వస్తున్నాయి.

ఆ దారం మామూలు కత్తెరకి తెగదు. జారుతుంది, నలుగుతుంది, అంతే. నెట్ కనెక్షన్ ఇచ్చే కుర్రాళ్లు దాని కోసం వేరే కత్తెర పెట్టుకుంటారు. పోలీసుల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌లో, ఫైర్ సిబ్బంది కోటులో, రేసింగ్ డ్రైవర్ లోపల వేసుకునే బనీనులో ఉండేవి కూడా ఈ కుటుంబం దారాలే. ఇంటిపేరు అరామిడ్. అందులో అందరికీ తెలిసినవాడు కెవ్లార్.

నాకు ఈ దారంతో నాలుగేళ్ల పరిచయం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక సేఫ్టీ సామాన్ల షాపులో పని చేస్తాను. హెల్మెట్లు, షూలు, గ్లోవ్స్, కళ్లద్దాలు, వెల్డింగ్ దుప్పట్లు అమ్ముతాం. చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి కాంట్రాక్టర్లు వస్తారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి ప్రశ్న ఒకటే: "తక్కువలో ఏముంది?" ఈ ప్రశ్నకీ, ఆ పసుపు దారానికీ మధ్య ఎంత దూరం ఉందో మా బావ చెయ్యి కాలిన రోజున నాకు బాగా అర్థమైంది. ఆ సంగతి చెప్పే ముందు దారం పుట్టుక చెప్పాలి, ఎందుకంటే అది వింటే ఎవరికైనా సరదాగా ఉంటుంది.

మజ్జిగలాంటి ద్రావణం

స్టెఫనీ క్వోలెక్ అని ఒక అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. 1923లో పుట్టింది. చిన్నప్పుడు బట్టలన్నా, కుట్టడమన్నా పిచ్చి. పదేళ్ల వయసులో తండ్రి పోయాడు. డాక్టర్ కావాలనుకుంది, చదువుకి డబ్బుల్లేవు. 1946లో డిగ్రీ అయ్యాక "కొన్నాళ్లు పని చేసి డబ్బు దాచుకుని మెడిసిన్‌లో చేరదాం" అని డ్యూపాంట్ కంపెనీలో ఉద్యోగంలో చేరింది. ఆ కొన్నాళ్లు నలభై ఏళ్లయ్యాయి.

1960ల నడుమ ఆమె టీమ్‌కి ఇచ్చిన పని బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కాదు, కారు టైర్లు. పెట్రోలు కొరత వస్తుందేమో, టైర్లు తేలికైతే కార్లు తక్కువ తాగుతాయి కదా, అందుకని టైర్లలో ఉక్కు తీగ బదులు వాడే తేలికైన, గట్టి దారం కావాలి. పాలిమర్‌ని ఏదో ఒక ద్రావకంలో కరిగించి, సన్నని రంధ్రాల జల్లెడలోంచి తోస్తే దారం వస్తుంది. మామూలుగా ఆ ద్రావణం తేనెలా చిక్కగా, తేటగా ఉండాలి. 1965లో ఆమె చేసిన ద్రావణం మాత్రం నీళ్లలా పల్చగా, మబ్బు మబ్బుగా, అచ్చం మజ్జిగలా ఉంది. వేరేవాళ్లయితే చెడిపోయిందని సింక్‌లో పారబోసేవాళ్లు. ఆమె పారబొయ్యలేదు.

దారం తీసే మెషీన్ చూసే టెక్నీషియన్ ముందు ఒప్పుకోలేదు. ఇందులో నలకలున్నాయి, నా జల్లెడ రంధ్రాలు మూసుకుపోతాయి అన్నాడు. ఆమె వదల్లేదు. చివరికి తీసి చూస్తే, దారం తెగలేదు. బలం కొలిస్తే వచ్చిన అంకె నమ్మలేక మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించింది, ఆ తర్వాతే పైవాళ్లకి చెప్పింది. అదే కెవ్లార్. 1970ల మొదట్లో మార్కెట్‌లోకి వచ్చింది. పేటెంట్ హక్కులు కంపెనీవే కాబట్టి ఆమెకి దాని మీద లాభాల వాటా ఏమీ రాలేదు. 1996లో అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. 2014లో, 90 ఏళ్ల వయసులో చనిపోయింది.

అంత బలం ఎక్కడిది?

నేను కెమిస్ట్రీ చదివినవాణ్ని కాదు. షాపులో అడిగేవాళ్లకి చెప్పడానికి నాకు తెలిసిన పద్ధతి ఇది. నైలాన్ అణువుల గొలుసులు ఉడికిన సేమ్యాలాంటివి. మెత్తగా, వంకర్లు తిరిగి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి. కెవ్లార్ గొలుసులు పచ్చి సేమ్యా పుల్లల్లాంటివి. నిటారుగా, బిర్రుగా ఉంటాయి, వంగవు. పల్చటి ద్రావణంలో ఆ పుల్లలు అగరబత్తి ప్యాకెట్‌లో పుల్లల్లా ఒకే దిక్కుకి తిరిగి గుంపులు గుంపులుగా సర్దుకుంటాయి. ఆ మజ్జిగ మబ్బుదనం అందువల్లే. సన్నని రంధ్రంలోంచి తోసినప్పుడు ఇంకా వరసగా నిలబడతాయి. పక్కపక్కనున్న పుల్లల మధ్య హైడ్రోజన్ బంధాలు కుట్టు వేసినట్టు పట్టుకుంటాయి.

ఒక అగరబత్తి విరవడం తేలిక, కట్ట విరవడం కష్టం కదా. ఇక్కడ ఆ కట్టని పొడుగునా పట్టుకుని లాగుతున్నామనుకోండి. అందుకే, ఒకే బరువున్న ఉక్కుతో పోలిస్తే కెవ్లార్ బలం 5 రెట్లు. ఉక్కు సాంద్రత దాదాపు 7.8 అయితే దీనిది 1.44.

ఇదే కుటుంబంలో రెండోవాడు నోమెక్స్. 1967లో మార్కెట్‌కి వచ్చాడు, అంటే కెవ్లార్ కంటే పెద్దవాడు. దీని గొలుసు నిటారుగా కాకుండా మెట్లు మెట్లుగా వంగి ఉంటుంది. కాబట్టి కెవ్లార్ అంత బలం లేదు, కానీ మెత్తగా ఉంటుంది, బట్టలా ఒంటికి ఒదుగుతుంది. నిప్పు తగిలితే కరగదు, చుక్కలు కారదు. పైపొర నల్లగా బొగ్గై, దళసరి అయ్యి, వేడి లోపలికి పోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యమే ప్రాణం.

2020 నవంబర్ 29న బహ్రెయిన్ ఫార్ములా వన్ రేసు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రొమైన్ గ్రోజాన్ కారు కంచెకి గుద్దుకుని రెండు ముక్కలైంది. మంటలు. దాదాపు 28 సెకన్లు ఆ మంటల్లో ఉండి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. ప్రధానంగా కాలింది చేతులే. ఒంటికి పొరలు పొరలుగా ఉన్న నిప్పుని తట్టుకునే సూట్, లోపల అదే రకం బనీను, డ్రాయరు ఆయనకి ఆ సెకన్లు సంపాదించి పెట్టాయి.

మన దగ్గర కూడా ఈ దారం పెద్ద పనే చేస్తోంది. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశలో దాదాపు 7 టన్నుల ఘన ఇంధనం మండుతుంది. ఆ ఇంధనం నింపిన డొల్ల కెవ్లార్ దారాన్ని రెజిన్‌తో కలిపి కండె చుట్టినట్టు చుట్టి చేసిందే. 2008లో చంద్రయాన్-1ని, 2013లో మంగళయాన్‌ని మోసింది ఈ పీఎస్‌ఎల్‌వీనే.

బాపు లైటర్ పరీక్ష

మాది సిరిసిల్ల. బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పాలిస్టర్ బట్ట నేస్తాడు. ముప్పై ఏళ్లుగా నూలు పట్టుకున్న చేతులు. ఏ దారమైనా వేళ్ల మధ్య నలిపి, ఒక పోగు తీసి లైటర్‌తో అంటించి, వాసన చూసి పేరు చెప్తాడు. నూలు అయితే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద. పట్టు అయితే వెంట్రుక కాలిన కంపు. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లటి గట్టి పూస.

ఒకసారి ఇంటికి వెళ్లినప్పుడు షాపులో పాడైన కెవ్లార్ గ్లోవ్ ఒకటి పట్టుకెళ్లి, ఒక పోగు తీసి ఇచ్చాను. పేరు చెప్పలేదు.

నలిపాడు. పళ్లతో కొరికాడు. "ఏందిరా ఇది, తెగుతలేదు?" అన్నాడు. లైటర్ పెట్టాడు. పోగు కొస ఎర్రగా మెరిసింది, నల్లబడింది. లైటర్ తీయగానే ఆరిపోయింది. పూస లేదు, చుక్క లేదు. ఇంకోసారి పెట్టాడు. మళ్లీ అదే. కాసేపు ఆ పోగునే చూస్తూ, "కాలదు, కరగదు, తెగదు. గిట్ల ఉంటే మా సాంచాల మీద ఎట్ల నేస్తర్రా?" అన్నాడు. నేసేవాడికి వచ్చే డౌటు అదే మరి!

నిజానికి దీన్ని నేయడం, కోయడం కష్టమే. తయారీ ఇంకా కష్టం. ఇది అంత తేలిగ్గా దేంట్లోనూ కరగదు, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి దారం తీస్తారు. ఆ యాసిడ్‌కి తట్టుకునే మెషీన్లు, తర్వాత దాన్ని కడిగే ఖర్చు... రేటు ఎక్కువ కావడానికి ఇవన్నీ కారణాలే. మా షాపులో మామూలు నూలు గ్లోవ్స్ జత 20 రూపాయలకి కూడా దొరుకుతుంది. మంచి కెవ్లార్ జత 300 పైమాటే.

బావ చెయ్యి

మా బావ హైదరాబాద్ శివార్లలో ఒక రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కార్మికుడు. వెయ్యి డిగ్రీలు దాటి ఎర్రగా కాగిన ఇనుప దిమ్మెలు ఫర్నేస్‌లోంచి రోలర్ల మీదికి వస్తుంటాయి. పట్టుకారులతో వాటిని దారిలో పెట్టే పని. కాంట్రాక్టర్ యూనిఫాం అని ఒక అంగీ ఇచ్చాడు. నీలం రంగు, పాలిస్టర్ కలిసిన బట్ట. ఉతికితే తొందరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు.

రెండేళ్ల కింద ఒక రాత్రి షిఫ్టులో నిప్పురవ్వలు ఎగిరి ఎడమ చేతి మీద పడ్డాయి. రవ్వలు పడటం వాళ్లకి కొత్త కాదు. పడతాయి, దులుపుకుంటారు. ఈసారి అంగీ అంటుకుంది. పాలిస్టర్ 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన బట్ట జిగురులా చర్మానికి అతుక్కుంది. ఆస్పత్రిలో డాక్టర్ మా అక్కతో అన్నది ఇప్పటికీ నాకు గుర్తుంది: "రవ్వ కాల్చింది కొంచెమేనమ్మా. బట్ట కాల్చింది ఎక్కువ." అతుక్కున్నదాన్ని తీస్తున్నప్పుడు బావ అరుపు వరండా దాకా వినిపించింది. అక్క చెవులు మూసుకుంది.

నెలన్నర పనిలేదు. కాంట్రాక్టర్ ఆస్పత్రి బిల్లులో సగం ఇచ్చి, దాన్నే పెద్ద సాయంగా చెప్పుకున్నాడు. మళ్లీ పనిలోకి పోయే రోజు ముందు బావ షాపుకి వచ్చాడు. నేను ఒక జత కెవ్లార్ గ్లోవ్స్, ముంజేతికి వేసుకునే స్లీవ్స్ తీసి ముందు పెట్టాను. మా సేఠ్ కొన్న రేటుకే ఇవ్వమన్నాడు. బావ వాటిని చేతిలోకి తీసుకుని చూశాడు గానీ జేబులో చెయ్యి పెట్టలేదు.

"వద్దు బామ్మర్దీ" అన్నాడు.

"పైసలు నేను పెడత బావా."

"పైసల సంగతి కాదు. ఫర్నేస్ ముంగట పన్నెండు మందిమి ఉంటం. నేనొక్కణ్నే ఏసుకుంటే మిగతోళ్ల చేతులు చేతులు కాదా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ బావకి తెలియని ఒక సంగతి నాకు తెలుసు. సేఫ్టీ సామాన్లు ఇవ్వాల్సింది యజమాని. వాటికి కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది, 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా చెప్పింది. కాంట్రాక్టర్‌ని అడుక్కోవడం కాదు ఇది, హక్కు. ఆ ముక్క ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. పన్నెండు మందీ సంతకాలు పెట్టి సూపర్‌వైజర్‌కి ఇచ్చారు.

పసుపు రంగు వేస్తే కెవ్లార్ అయిపోతుందా?

మూడు వారాలకి గ్లోవ్స్ వచ్చాయి. మా షాపులో కొనలేదు, వేరే ఎక్కడో తెచ్చారు. పసుపు రంగు, మణికట్టు దగ్గర కెవ్లార్ అని అచ్చు. బావ సంతోషంగా ఫోటో పంపాడు. నేను ఒక జత తెమ్మన్నాను. చూడగానే డౌటు వచ్చింది. రంగు మరీ నిగనిగలాడుతోంది. అసలు దారం పసుపు కాస్త గడ్డి రంగులో ఉంటుంది, ఎండ తగిలితే గోధుమ రంగుకి తిరుగుతుంది.

బావనీ, ఆయనతో వచ్చిన ఇంకో ఇద్దరినీ షాపు వెనక్కి తీసుకెళ్లాను. కింద నీళ్ల పళ్లెం పెట్టి, ఒక పోగు పట్టుకారుతో పట్టుకుని, బాపు పద్ధతిలోనే లైటర్ పెట్టాను. ముడుచుకుపోయింది, కరిగింది, నల్లటి పూస నీళ్లలో టప్‌మని పడింది. తర్వాత మా స్టాక్‌లో పోగు ఒకటి కాల్చి చూపించాను. ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. బావ తన ఎడమ చేతి మీది మచ్చని కుడి చేత్తో రుద్దుకున్నాడు.

మర్నాడు వాళ్లు అదే పరీక్ష మిల్లులో, సూపర్‌వైజర్ బల్ల మీద చేశారు. ఆయన మంచాయనే, తెచ్చినవాడు మోసం చేశాడని ఆయనకీ తెలీదు. పాత గ్లోవ్స్ వెనక్కి పోయాయి. పదిరోజుల్లో పరీక్ష రిపోర్టుతో అసలువి వచ్చాయి, లోపల నూలు అస్తరుతో సహా. పన్నెండు జతలు.

మీరు కొనే ముందు

మీలో ఫ్యాక్టరీల్లో, గ్యారేజీల్లో, వెల్డింగ్ షాపుల్లో పని చేసేవాళ్లు ఉంటారు. బైక్ మీద లాంగ్ రైడ్లకి పోయేవాళ్లు కెవ్లార్ జీన్స్ కోసం వెతుకుతుంటారు. షాపువాడిగా నాలుగు మాటలు చెప్తాను.

మొదటిది, కాల్చి చూసే పరీక్ష నకిలీని పట్టిస్తుంది గానీ సర్టిఫికెట్ కాదు. మందు పట్టించిన నూలు బట్ట కూడా మంట తీస్తే ఆరిపోతుంది. అందుకే లేబుల్ చూడండి. గ్లోవ్స్ మీద సుత్తి బొమ్మతో ఈఎన్ 388 అని ఉంటే కోత, రాపిడి లాంటి వాటి పరీక్ష. మంట బొమ్మతో ఈఎన్ 407 అని ఉంటే వేడి పరీక్ష. బొమ్మ కింద అంకెలు కూడా ఉండాలి. బట్టలకైతే మన ఐఎస్ 15748 ఉంది. రిపోర్టు అడిగితే నసిగే షాపులో కొనొద్దు.

రెండోది, వేడికి తట్టుకోవడం అంటే దారం పాడవదని, మీ చెయ్యి కాలదని కాదు. పల్చటి కెవ్లార్ గ్లోవ్‌తో ఎర్రగా కాగిన ఇనుము పట్టుకుంటే గ్లోవ్ కరగదు గానీ, వేలు కాలుతుంది. అది ఇచ్చేది కొన్ని సెకన్లు. దళసరి, లోపలి అస్తరు ముఖ్యం. అలాగే అల్లిన గ్లోవ్ కత్తి కోతని ఆపుతుంది కానీ సూది దాని కళ్లలోంచి దూరిపోతుంది.

మూడోది, దీనికీ బలహీనతలున్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి బలం తగ్గుతుంది. బ్లీచింగ్ పడదు. పని అయ్యాక ఎండలో ఆరేసి మర్చిపోవద్దు, మామూలు సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి. కోసుకుపోయినదాన్ని, పలచబడినదాన్ని మార్చేయండి.

నాలుగోది అన్నిటికన్నా చవకైనది. అరామిడ్ కొనే స్తోమత లేకపోతే కనీసం నిప్పు దగ్గర పాలిస్టర్, నైలాన్ వేసుకోకండి. వెల్డింగ్ చేసేవాళ్లు జెర్సీ టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు పక్కన పెట్టి దళసరి నూలు అంగీ నిండు చేతులది వేసుకోండి. నూలు కూడా అంటుకుంటుంది, కానీ కరిగి ఒంటికి అతుక్కోదు. వంటింట్లో స్టవ్ ముందు నైలాన్ నైటీ వేసుకునే మీ అమ్మకి కూడా ఈ మాట చెప్పండి.

బాపు నేసేది పాలిస్టరే. ఆ బట్ట తప్పేమీ లేదు. పెళ్లికి, పండక్కి, బడికి ఎంతో బాగుంటుంది. ఫర్నేస్ ముందు నిలబడే మనిషికి దాన్ని యూనిఫాం అని ఇచ్చినవాడిదే తప్పు. ఏ దారం ఏ పనికో తెలియడమే అసలు సేఫ్టీ అని నాకనిపిస్తుంది.

మిల్లులో ఇప్పటికీ అంగీలు ఆ నీలం పాలిస్టర్‌వే. నిప్పుకి తట్టుకునే కోటు ఒక్కొక్కటి వేలల్లో ఉంటుంది, గ్లోవ్స్‌లాగా తేలిగ్గా తేలే సంగతి కాదు. మొన్న ఆదివారం బావ ఇంటికి వచ్చినప్పుడు పన్నెండు కోట్లకి కొటేషన్ రాసిమ్మన్నాడు. దాంతోపాటు, కోట్లు వచ్చేదాకా నూలు అంగీలైనా ఇవ్వమని ఇంకో కాగితం తయారు చేశారంట. ఈసారి రెండో షిఫ్టువాళ్లు కూడా సంతకాలు పెడుతున్నారు.

"చేతుల సంగతి అయింది బామ్మర్దీ" అన్నాడు బావ, కొటేషన్ మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఇగ ఒంటి సంగతి చూడాలె."